మధ్యాహ్నం ఎండకే పడిపోయే లింకు: ఒక ఎస్‌ఎఫ్‌పీ ప్లస్ కేస్ స్టడీ

పల్నాడులోని ఒక పట్టణంలో ఇళ్లకు ఇంటర్నెట్ అందించే స్థానిక సంస్థ ఒకటి ఉంది. ఊరి నడిబొడ్డున దాని ప్రధాన కేంద్రం. చుట్టుపక్కల ఊళ్లకు వెళ్లే ఫైబర్ దారుల్లో రోడ్డు పక్కన ఇనుప క్యాబినెట్లు నిలబెట్టి, వాటిలో స్విచ్, ఓఎల్‌టీ (ఇళ్లకు వెళ్లే ఫైబర్లన్నీ కలిసే పరికరం), బ్యాటరీలు అమర్చారు. ఈ కేసు అలాంటి ఒక క్యాబినెట్‌ది. ప్రధాన కేంద్రం నుంచి అక్కడికి ఫైబర్ పొడవు 8 కిలోమీటర్లు. రెండు చివర్లా స్విచ్‌లలో 10జీబేస్-ఎల్‌ఆర్ రకం ఎస్‌ఎఫ్‌పీ ప్లస్ మాడ్యూళ్లు, అంటే విద్యుత్ సంకేతాన్ని కాంతిగా, కాంతిని విద్యుత్ సంకేతంగా మార్చే చిన్న డబ్బాలు పెట్టి, వెళ్లడానికి ఒకటి, రావడానికి ఒకటి చొప్పున రెండు ఫైబర్ల మీద 10 గిగాబిట్ల లింకు నడుపుతున్నారు.

ఫిర్యాదు ఇది. ఎండలు ముదిరినప్పటి నుంచి మధ్యాహ్నం మూడు ప్రాంతంలో లింకు పడిపోతుంది, కొన్ని సెకన్లలో లేస్తుంది, మళ్లీ పడిపోతుంది. ఐదు గంటలకల్లా దానంతట అదే సర్దుకుంటుంది. రాత్రిపూట వెళ్లి చూస్తే ఒక్క లోపమూ దొరకదు. క్యాబినెట్ వైపు ప్యాచ్ కార్డు (మాడ్యూల్‌కు తగిలించే పొట్టి ఫైబర్ తీగ) మార్చారు. స్విచ్‌లో పోర్టు మార్చారు. రాత్రి ట్రాఫిక్ తక్కువగా ఉన్నప్పుడు ఓటీడీఆర్‌తో (ఫైబర్‌లోకి కాంతి పంపి, తిరిగొచ్చినదాన్ని బట్టి లోపం ఎక్కడుందో గీతగా చూపే యంత్రం) ఫైబర్ మొత్తం పరీక్షించారు, గీత శుభ్రంగా వచ్చింది. చివరికి అనుమానం స్విచ్ సాఫ్ట్‌వేర్ మీదకు మళ్లింది. సరిగ్గా ఆ దశలో నన్ను పిలిచారు.

ఈ కేసును ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. కావలసిన సమాధానమంతా మొదటి రోజు నుంచీ ఆ రెండు మాడ్యూళ్లలోనే ఉంది. అడిగినవాళ్లు లేరు. మాడ్యూల్ అంటే వెలిగితే మంచిది, వెలగకపోతే మార్చేసేది అన్న అలవాటు మన రంగంలో బాగా పాతుకుపోయింది. నిజానికి ఇలాంటి మాడ్యూల్ దాదాపు ప్రతిదీ తన ఒంట్లో ఏం జరుగుతోందో క్షణక్షణం కొలుచుకుంటూ ఉంటుంది. రెండు చివర్ల కొలతలనూ పక్కపక్కన పెట్టి ఒక తీసివేత చేస్తే చాలు, సగం కేసులు కుర్చీలోంచి లేవకుండానే తేలిపోతాయి.

మాడ్యూల్ లోపల

ఎస్‌ఎఫ్‌పీ చూపుడు వేలంత లోహపు డబ్బా. 1990ల మధ్యలో జీబిక్ పేరుతో వచ్చిన పెద్ద మాడ్యూల్‌కు ఇది చిన్న రూపం. దీని కొలతలు, పిన్నుల అమరిక 2001 నాటికి తయారీదారుల ఉమ్మడి ఒప్పందంగా ఖరారయ్యాయి. ఫైబర్‌లోకి వెళ్లే కాంతి ఎలా ఉండాలో ఐఈఈఈ ప్రమాణం చెబుతుంది. డబ్బా ఎలా ఉండాలో, స్విచ్‌తో ఎలా మాట్లాడాలో చెప్పేవి ఈ ఒప్పందాలు. ఒక కంపెనీ స్విచ్‌లో మరో కంపెనీ మాడ్యూల్ చక్కగా ఒదగడానికి కారణం అదే. దాదాపు అదే ఆకారంలో 10 గిగాబిట్లు మోసేది ఎస్‌ఎఫ్‌పీ ప్లస్.

వెనక వైపు 20 పిన్నుల అంచు ఉంటుంది. లోపలికి నెడుతున్నప్పుడు ముందు గ్రౌండ్ తగులుతుంది, తర్వాత 3.3 వోల్టుల సరఫరా, అన్నిటికంటే చివర సంకేతాల పిన్నులు. స్విచ్ ఆపకుండా మాడ్యూల్‌ను తీసి పెట్టగలగడానికి ఈ వరుసే ఆధారం. ఒక పిన్ను మాడ్యూల్ లోపలే గ్రౌండ్‌కు కలిసి ఉంటుంది. దాన్ని బట్టి స్విచ్‌కు మాడ్యూల్ వచ్చిందని తెలుస్తుంది. ఇంకో పిన్ను లేజర్‌ను ఆపడానికి. స్విచ్ కావాలని అనుమతిస్తే తప్ప లేజర్ వెలగదు, ఆ పిన్నును ఎవరూ ముట్టుకోకపోతే ఆరిపోయి ఉండటమే దాని సహజ స్థితి. కంటి భద్రత దృష్ట్యా చాలా ఆలోచించి పెట్టిన ఏర్పాటు ఇది.

పంపే వైపు స్విచ్ నుంచి సెకనుకు 10.3125 గిగాబిట్ల వేగంతో విద్యుత్ సంకేతం వస్తుంది. లేజర్ డ్రైవర్ ఆ సంకేతాన్ని అనుసరించి లేజర్‌కు వెళ్లే కరెంటును హెచ్చిస్తూ తగ్గిస్తూ ఉంటుంది. ఎల్‌ఆర్ రకంలో అది 1310 నానోమీటర్ల డీఎఫ్‌బీ లేజర్. అందుకునే వైపు ఫైబర్ నుంచి వచ్చిన కాంతి ఒక ఫొటోడయోడ్ మీద పడి అతి చిన్న కరెంటుగా మారుతుంది. దాన్ని ఒక యాంప్లిఫయర్ వోల్టేజీగా మార్చి పెంచితే, తర్వాతి యాంప్లిఫయర్ ఒకటో సున్నానో తేలేలా చదును చేసి స్విచ్‌కు అందిస్తుంది. మాడ్యూల్‌కు ప్యాకెట్లు, చిరునామాలు ఏమీ తెలియవు. కాంతి ఉందా లేదా అన్నది తప్ప దానికి వేరే లోకం లేదు.

వీటన్నిటినీ కనిపెట్టుకుని ఉండే చిన్న మైక్రోకంట్రోలర్ కూడా లోపలే ఉంటుంది. రెండు తీగల మీద నెమ్మదిగా స్విచ్‌తో మాట్లాడుతుంది. ఏ0 అనే చిరునామాలో మాడ్యూల్ గుర్తింపు వివరాలు: 20వ బైటు నుంచి 35వ బైటు వరకు తయారీదారు పేరు, 40 నుంచి 55 వరకు పార్ట్ నంబరు, 68 నుంచి 83 వరకు సీరియల్ నంబరు. ఏ2 చిరునామాలో సజీవమైన కొలతలు ఉంటాయి. 96వ బైటు దగ్గర మొదలై వరుసగా ఉష్ణోగ్రత, సరఫరా వోల్టేజీ, లేజర్ కరెంటు, పంపుతున్న కాంతి, అందుతున్న కాంతి. ఒక్కోదానికి రెండు బైట్లు. మొత్తం ఐదు అంకెలు. ఎస్‌ఎఫ్‌ఎఫ్-8472 అనే పత్రం ఈ అమరికను నిర్ణయించింది. స్విచ్‌లో మాడ్యూల్ వివరాలు చూపే ఏ ఆదేశమైనా, లినక్స్‌లో ఈథ్‌టూల్ అయినా చదివేది ఈ బైట్లనే.

ఎలా చదువుతుందో ఈ కేసులోని ఒక అంకెతోనే చూపిస్తాను. లింకు పడిపోయిన ఒక క్షణంలో ప్రధాన కేంద్రం మాడ్యూల్‌లో 104, 105 బైట్లలో ఉన్నవి 1, 60. మొదటిదాన్ని 256తో గుణించి రెండోది కలిపితే 316. ఈ గడిలో ఒక్కో అంకె విలువ 0.1 మైక్రోవాట్. అంటే అందుతున్న కాంతి 31.6 మైక్రోవాట్లు. డీబీఎమ్‌లో చెబితే −15.0. ఒక మిల్లీవాట్‌ను 0 డీబీఎమ్ అంటాం. అక్కడి నుంచి 3 తగ్గితే సగం, 10 తగ్గితే పదో వంతు. 10జీబేస్-ఎల్‌ఆర్ ప్రమాణం ప్రకారం అందే కాంతి −14.4 కంటే తగ్గకూడదు. మంచి మాడ్యూల్ ఇంకాస్త కిందికి కూడా లాక్కురావచ్చు కానీ దానికి ఎవరి హామీ లేదు.

రెండు చివర్లూ పక్కపక్కన

నేను ముందు అడిగింది రెండు స్విచ్‌ల లాగ్‌లు. 10 గిగాబిట్ల ఈథర్‌నెట్‌లో ఒక మంచి సదుపాయం ఉంది. తనకు కాంతి సరిగా అందని వైపు దాన్ని ‘లోకల్ ఫాల్ట్’గా నమోదు చేసి, అవతలి వైపుకు ఆ సంగతి తెలియజేస్తుంది. అవతలి వైపు దాన్ని ‘రిమోట్ ఫాల్ట్’గా రాసుకుంటుంది. ఇక్కడ లింకు పడిపోయిన ప్రతిసారీ లోకల్ ఫాల్ట్ ప్రధాన కేంద్రంలో, రిమోట్ ఫాల్ట్ క్యాబినెట్‌లో ఉన్నాయి. అంటే రెండు ఫైబర్లలో చెడింది ఒకటే: క్యాబినెట్ నుంచి కేంద్రానికి వచ్చేది. వెళ్లే దారిలో చీకూ చింతా లేదు. సాఫ్ట్‌వేర్ లోపమైతే ఇలా ఒకే దిక్కుకు కట్టుబడి ఉండటం అరుదు. అక్కడికి ఆ అనుమానాన్ని పక్కన పెట్టాం.

తర్వాత ఉదయం ఆరు గంటలకు, లింకు ఆరోగ్యంగా ఉన్నప్పుడు, రెండు మాడ్యూళ్లనూ ఒకే నిమిషంలో చదివించాను.

ప్రధాన కేంద్రం: పంపుతున్నది −2.4 డీబీఎమ్, అందుతున్నది −11.3 డీబీఎమ్.
క్యాబినెట్: పంపుతున్నది −2.7 డీబీఎమ్, అందుతున్నది −7.5 డీబీఎమ్. ఉష్ణోగ్రత 44 డిగ్రీలు, లేజర్ కరెంటు 34 మిల్లీయాంపులు.

ఇందులో ఏ అంకె కూడా హద్దు దాటలేదు. నాలుగు కాంతి కొలతలూ ప్రమాణం చెప్పిన పరిధిలోనే ఉన్నాయి, అందుకే స్విచ్ తెర మీద ఒక్క ఎర్ర గుర్తు కూడా లేదు. ఇప్పుడు తీసివేత చేయండి. కేంద్రం పంపిన −2.4 క్యాబినెట్‌కు −7.5గా చేరింది. దారిలో పోయింది 5.1 డీబీ (రెండు డీబీఎమ్ అంకెల మధ్య తేడాను డీబీల్లో చెబుతాం). క్యాబినెట్ పంపిన −2.7 కేంద్రానికి −11.3గా చేరింది. పోయింది 8.6 డీబీ.

ఒకే కేబుల్‌లో, ఒకే తొడుగులో పక్కపక్కన నడిచే రెండు ఫైబర్ల మధ్య 3.5 డీబీ తేడా ఎందుకుండాలి? 1310 నానోమీటర్ల దగ్గర కిలోమీటరుకు సుమారు 0.35 డీబీ చొప్పున 8 కిలోమీటర్లకు 2.8 పోతుంది. కనెక్టర్లు, అతుకులు కలిపి మరో రెండు, రెండున్నర. మొత్తం 5 డీబీ చుట్టూ ఉండాలి. మొదటి ఫైబర్ లెక్కకు సరిగ్గా సరిపోయింది. రెండోది సరిపోలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. మాడ్యూల్ తనను తాను కొలుచుకునే కాంతి విలువలో 3 డీబీ వరకు అటూ ఇటూ తేడా ఉండవచ్చని ఎస్‌ఎఫ్‌ఎఫ్-8472 పత్రమే అనుమతిస్తుంది. ఉష్ణోగ్రతలో 3 డిగ్రీలు, కరెంటులో 10 శాతం. కాబట్టి ఒక మాడ్యూల్ −7 అంది, మరొకటి −8 అంది అని కేబుల్ తవ్వడానికి వెళ్లకూడదు. ఒకే మాడ్యూల్ కొలత నిన్నటికీ ఇవాళ్టికీ ఎలా మారిందన్నది మాత్రం బాగా నమ్మదగినది. 3.5 డీబీ తేడా ఆ అనుమతిని దాటుతోంది కానీ ఎక్కువగా దాటడం లేదు. అందుకని పవర్ మీటర్‌తో నిర్ధారించుకోకుండా ఫైబర్ మీద తీర్పు చెప్పదలచుకోలేదు.

ఇంకో చిక్కు కూడా మిగిలే ఉంది. ఈ 3.5 డీబీ నష్టం ఉదయం ఆరింటికీ ఉంది, రాత్రి పదింటికీ ఉంది. అది ఒక్కటే కారణమైతే లింకు మధ్యాహ్నం మాత్రమే పడిపోవడం ఎందుకు?

లేజర్ వేడెక్కితే

ఆ రోజు మధ్యాహ్నం క్యాబినెట్ మాడ్యూల్‌ను నిమిషానికి ఒకసారి చదివేలా చిన్న స్క్రిప్టు పెట్టాం. రెండు గంటలకు ఉష్ణోగ్రత 74 డిగ్రీలు, లేజర్ కరెంటు 63 మిల్లీయాంపులు, పంపుతున్న కాంతి −2.8. మూడు గంటలకు 81 డిగ్రీలు, 80 మిల్లీయాంపులు, −5.2. మూడు గంటల ఇరవై నిమిషాలకు 84 డిగ్రీలు, కరెంటు అదే 80, కాంతి −6.4. ఆ నిమిషంలోనే లింకు పడిపోయింది.

రెండు గంటల వరుసను మళ్లీ చూడండి. ఉదయం నుంచి ఉష్ణోగ్రత 30 డిగ్రీలు పెరిగింది, కరెంటు దాదాపు రెట్టింపయింది, కాంతి మాత్రం ఇంచుమించు కదల్లేదు. సెమీకండక్టర్ లేజర్ వేడెక్కేకొద్దీ వెలగడం మొదలుపెట్టడానికి కావలసిన కనీస కరెంటు పెరుగుతుంది. వెలిగాక కూడా ప్రతి మిల్లీయాంపుకు ఇచ్చే కాంతి తగ్గుతుంది. దాన్ని సరిదిద్దడానికి లేజర్ వెనక ఒక చిన్న ఫొటోడయోడ్ పెడతారు. వెనక నుంచి వచ్చే కొద్దిపాటి కాంతిని అది కొలుస్తూ ఉంటుంది. కాంతి తగ్గిందనిపిస్తే డ్రైవర్ కరెంటు పెంచుతుంది. ఘాట్ రోడ్డు ఎక్కుతున్న బస్సు వేగం తగ్గకుండా డ్రైవర్ యాక్సిలరేటర్ మీద కాలు బిగిస్తున్నట్టు జరుగుతుందిదంతా. వేగం చూపే ముల్లును మాత్రమే చూసేవాళ్లకు బండి సుఖంగా పోతున్నట్టే ఉంటుంది.

కరెంటుకు ఒక పై హద్దు ఉంటుంది, లేకపోతే లేజర్ కాలిపోతుంది. ఈ మాడ్యూల్‌లో ఆ హద్దు 80 మిల్లీయాంపులు. అక్కడికి చేరాక డ్రైవర్ చేతులెత్తేస్తుంది. ఆపైన పెరిగే ప్రతి డిగ్రీకి కాంతి పడిపోవలసిందే. అందుకే నా వరకు ఐదు అంకెల్లో అన్నిటికంటే విలువైనది లేజర్ కరెంటు. పంపే కాంతి చివరి నిమిషం దాకా ధీమాగా కనిపిస్తుంది, ఇబ్బంది ఎంత ముదిరిందో ముందుగా చెప్పేది కరెంటే. వయసు మీరిన లేజర్‌లో కూడా ఇదే వరుస కనిపిస్తుంది. వేడి వల్లనైతే సాయంత్రానికి కరెంటు దిగివస్తుంది, వయసు వల్లనైతే దిగిరాదు.

ఇప్పుడు రెండు ముక్కలనూ కలపండి. మూడు గంటల ఇరవై నిమిషాలకు క్యాబినెట్ పంపుతున్నది −6.4. ఎల్‌ఆర్ ప్రమాణం −8.2 వరకు ఒప్పుకుంటుంది, కాబట్టి ఆ సమయంలో కూడా మాడ్యూల్ కాంతి నియమం తప్పలేదు. దారిలో 8.6 డీబీ పోతే కేంద్రానికి చేరేది −15.0. హద్దు −14.4. లింకు పడిపోయింది. ఫైబర్ బాగుండి 5.1 మాత్రమే పోయి ఉంటే −11.5 చేరేది, వేడిలో కూడా లింకు నిలబడేది. మాడ్యూల్ చల్లగా ఉండి ఉంటే ఫైబర్ లోపంతో కూడా −11.3 చేరేది, రోజూ ఉదయం జరుగుతున్నది అదే. ఏ ఒక్క లోపమూ ఒంటరిగా ఈ లింకును పడగొట్టలేదు. ఒక్కో వస్తువును విడిగా పరీక్షించి బాగుందని పక్కన పెట్టే పద్ధతిలో ఈ కేసు ఎప్పటికీ తేలేది కాదు.

పడిపోయే ముందు జరిగేది కూడా చెప్పాలి. అందే కాంతి −14 దాటినప్పటి నుంచి కేంద్రం స్విచ్‌లో సీఆర్‌సీ తప్పులు, అంటే దారిలో చెడి వచ్చినట్టు స్విచ్ పట్టుకున్న డేటా, లెక్కకు వస్తున్నాయి. ఈ రకం లింకుకు ప్రమాణం ఆశించే తప్పుల స్థాయి లక్ష కోట్ల బిట్లకు ఒకటి, అంటే సుమారు నిమిషంన్నరకు ఒక తప్పు బిట్టు. హద్దు దాటాక కాంతి కొద్దిగా తగ్గినా తప్పులు ఎన్నో రెట్లు పెరుగుతాయి. ‘కాంతి లేదు’ అని మాడ్యూల్ చెప్పే స్థాయి ఈ హద్దుకు ఇంకా బాగా కింద ఉంటుంది. మధ్యలో ఒక ఖాళీ ప్రదేశం ఉంది: కాంతి ఉంటుంది, డేటా ఉండదు. పచ్చదీపం చూసి ‘ఫైబర్ బాగానే ఉంది’ అనుకునేవాళ్లు ఎక్కువగా ఆ ఖాళీలోనే దారి తప్పుతారు.

ఓడీఎఫ్ దగ్గర

3.5 డీబీ ఎక్కడ పోతోంది? మరుసటి తెల్లవారుజామున, అనుమతి తీసుకుని లింకు ఆపి, కేంద్రంలో మాడ్యూల్ నుంచి ప్యాచ్ కార్డు తీసి ఆ కొనకు పవర్ మీటర్ తగిలించాం. −11.1. మాడ్యూల్ చెప్పిన −11.3కు దగ్గరగానే ఉంది, కాబట్టి మాడ్యూల్ కొలత నిజమే. తర్వాత ఆ ప్యాచ్ కార్డును పక్కన పెట్టి, శుభ్రం చేసిన వేరే ప్యాచ్ కార్డుతో ఓడీఎఫ్ (బయటి ఫైబర్లు వచ్చి ఆగే, ప్యాచ్ కార్డులు తగిలించే పెట్టె) నుంచి కొలిచాం. −7.7. నష్టమంతా ఓడీఎఫ్‌కూ స్విచ్‌కూ మధ్య ఉన్న రెండు మీటర్ల పసుపు తీగలోనే. ఓటీడీఆర్ పరీక్షలో ఇది దొరకకపోవడానికి కారణం తేలికగా అర్థమవుతుంది. ఆ యంత్రాన్ని ఓడీఎఫ్‌కు తగిలించేటప్పుడు ముందుగా తీసి పక్కన పెట్టేది ఈ ప్యాచ్ కార్డునే.

మైక్రోస్కోపు కింద పెట్టగానే తెలిసిపోయింది. ఓడీఎఫ్ వైపు కొన మీద నూనె మరక, అందులో అంటుకున్న ధూళి. ఎల్‌సీ కనెక్టర్‌లో తెల్లని పింగాణీ కొన వ్యాసం 1.25 మిల్లీమీటర్లు, దాని నడుమ గాజు 125 మైక్రాన్లు, ఆ గాజు నడుమ కాంతి నడిచే దారి సుమారు 9 మైక్రాన్లు. మరక అంచు సరిగ్గా ఆ దారికి అడ్డంగా ఉంది. ఎవరో కొనను వేలితో తాకి, అలాగే అడాప్టర్‌లోకి నెట్టారు. అడాప్టర్ అవతలి వైపున్న పిగ్‌టెయిల్ (బయటి ఫైబర్‌కు అతికిన పొట్టి తీగ) కొనకు కూడా కొంత అంటింది. పొడి క్లీనర్‌తో ఒకసారి నొక్కితే ధూళి పోయింది, నూనె పోలేదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, వెంటనే పొడి క్లీనర్‌తో మళ్లీ తుడిచి, మళ్లీ మైక్రోస్కోపులో చూసి అప్పుడు పెట్టాం. రెండు కొనలనూ చూడటం ముఖ్యం. ఒకటి శుభ్రం చేసి రెండోదాన్ని వదిలేస్తే మురికి మళ్లీ అటు నుంచి ఇటు వస్తుంది. ఓడీఎఫ్ ఉన్న ప్రతిచోటా చేతి మైక్రోస్కోపు ఒకటి ఉండి తీరాలని నేను గట్టిగా చెబుతాను. రాత్రంతా ఓటీడీఆర్‌తో వెతికినా దొరకనిది ఒక్కోసారి అది ఒక్క చూపులో పట్టిస్తుంది.

80 కిలోమీటర్ల మాడ్యూల్ సంగతి

మేము ఇంకా ఓడీఎఫ్ దగ్గరే ఉండగా లైన్ బృందంలోని సాంకేతిక నిపుణుడు ఒకాయన అడిగారు: “సార్, మన స్టోర్‌లో 80 కిలోమీటర్ల మాడ్యూళ్లు ఒక జత ఉన్నాయండి. అవి పెట్టేస్తే పోదా? ఎనిమిది కిలోమీటర్లు వాటికో లెక్కా?”

ప్రశ్న సహజమైనది, ఈ పని చేసేవాళ్లలో చాలామంది మనసులో ఉన్నదే. అందుకని అక్కడే కాగితం మీద లెక్క వేసి చూపించాను. జెడ్‌ఆర్‌గా పిలిచే ఈ మాడ్యూళ్లు 1550 నానోమీటర్ల దగ్గర 0 నుంచి +4 డీబీఎమ్ వరకు పంపుతాయి. ఆ రంగు కాంతికి ఫైబర్‌లో నష్టం తక్కువ, 8 కిలోమీటర్లకు రెండు డీబీ కూడా ఉండదు. కనెక్టర్లు కలిపి 4 అనుకుందాం. అవతల చేరేది −4 నుంచి 0 వరకు. జెడ్‌ఆర్ మాడ్యూల్‌లో ఉండే ఫొటోడయోడ్ ఏపీడీ రకం, దూరం నుంచి వచ్చే సన్నని కాంతిని పట్టుకోవడానికి చేసినది. సాధారణంగా −7 కంటే ఎక్కువ కాంతి దానికి పనికిరాదు. తప్పులు వస్తాయి, మరీ ఎక్కువైతే ఫొటోడయోడ్ శాశ్వతంగా దెబ్బతింటుంది. పెట్టాలంటే రెండు దిక్కులా కాంతిని తగ్గించే 10 డీబీ అటెన్యుయేటర్లు తగిలించాలి. పైగా ఈ మాడ్యూల్ లేజర్‌ను చల్లబరచడానికి లోపల విడిగా విద్యుత్తు ఖర్చు చేస్తుంది, అందుకే ఎల్‌ఆర్ కంటే ఎక్కువ వేడి పుట్టిస్తుంది. వేడితో చస్తున్న క్యాబినెట్‌లో ఇంకో పొయ్యి వెలిగించినట్టవుతుంది. మాడ్యూల్ మీద రాసిన దూరాన్ని ఎప్పుడూ కాంతి లెక్కలోకి మార్చుకుని చూడాలి. పెద్ద అంకె ఉన్నది పెద్ద బలం అనుకోకూడదు.

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. తర్వాత ఇంకో క్యాబినెట్‌కు ఆయనే స్వయంగా ఇలా లెక్క కట్టి పంపారు.

క్యాబినెట్‌లో వేడి ఎక్కడిది

పల్నాడు ఎండలు అందరికీ తెలిసినవే. రెంటచింతల పేరు వేసవిలో ప్రతి వాతావరణ వార్తలోనూ వినిపిస్తుంది. బయట 44, 45 డిగ్రీలు ఉన్నప్పుడు ఎండ పడే ఇనుప డబ్బాలో అంతకంటే చాలా ఎక్కువ ఉండటంలో వింత లేదు. అయినా మాడ్యూల్ 84కు చేరడం నాకు అతిగా అనిపించింది. అదే స్విచ్‌లో చివరి పోర్టులో ఉన్న వేరే ఎల్‌ఆర్ మాడ్యూల్ అదే నిమిషంలో 73 చూపిస్తోంది. ఒకే డబ్బాలో, ఒకే గాలిలో 11 డిగ్రీల తేడా.

తలుపు తీసి చూస్తే కారణం పక్క పోర్టులోనే ఉంది. ఓఎల్‌టీకి వెళ్లే లింకు కోసం అక్కడ 10జీబేస్-టీ రకం రాగి మాడ్యూల్ పెట్టారు, మామూలు నెట్‌వర్క్ కేబుల్ తగిలించుకునే రకం. ఎల్‌ఆర్ మాడ్యూల్ ఒక వాట్ చుట్టుపక్కల వాడుకుంటే ఈ రాగి మాడ్యూళ్లు రెండు, రెండున్నర వాట్లు తాగుతాయి. ఎస్‌ఎఫ్‌పీ ప్లస్ పోర్టుకు మొదట అనుకున్న పై హద్దు ఒకటిన్నర వాట్లు. వేలు పెడితే కాలేంత వేడిగా ఉంది ఆ డబ్బా, దాని పక్క గోడకు ఆనుకునే మన ఎల్‌ఆర్ కూర్చుంది. పోర్టు మార్చి చూశామని చెప్పినప్పుడు కూడా జరిగింది ఒక్క గడి అవతలికి జరపడమే, రాగి మాడ్యూల్‌కు ఇటు నుంచి అటు వైపుకు. దీనికి తోడు క్యాబినెట్ ఫ్యాను జల్లెడ దుమ్ముతో పూడుకుపోయింది.

ఇంకొకటి. మాడ్యూల్ గుర్తింపు బైట్లలోని పార్ట్ నంబరు పట్టుకుని తయారీదారు పత్రం తీస్తే, ఇది 0 నుంచి 70 డిగ్రీల వరకు పనిచేసే వాణిజ్య తరగతి మాడ్యూల్ అని ఉంది. ఏసీ గదిలో ఉండవలసినది. రోడ్డు పక్క క్యాబినెట్‌కు −40 నుంచి 85 వరకు తట్టుకునే పారిశ్రామిక తరగతి కావాలి. కొనేటప్పుడు రెండింటి ధరల తేడా చూసి వెనక్కి తగ్గడం మామూలు. ఎన్ని ఇళ్లు ఆ ఒక్క మాడ్యూల్ వెనక ఉన్నాయో లెక్కిస్తే ఆ తేడా ఎంతో చిన్నది.

మార్చినవి

రాగి మాడ్యూల్ తీసేశాం. ఓఎల్‌టీలో కూడా ఎస్‌ఎఫ్‌పీ ప్లస్ పోర్టు ఖాళీగానే ఉంది, రెండూ ఒకే డబ్బాలో ఉన్నాయి. రెండు కొనలకూ మాడ్యూల్ తలలు బిగించి వచ్చే పొట్టి రాగి కేబుల్, అంటే డాక్ కేబుల్, ఒకటి వేశాం. అందులో కాంతి లేదు, దాదాపు వేడి లేదు. ఫ్యాను జల్లెడ కడిగించాం. ఎండ నేరుగా పడే వైపు రేకు తొడుగు వేయమని రాసిచ్చాను, అది పది రోజుల్లో పడింది.

పారిశ్రామిక తరగతి ఎల్‌ఆర్ వచ్చాక మొదటి రోజే ఒక అడ్డంకి. స్విచ్ దాన్ని ఒప్పుకోలేదు. లేజర్ వెలిగించకుండానే ‘మద్దతు లేని మాడ్యూల్’ అని పోర్టును మూసేసింది. మాడ్యూల్ చెడిపోలేదు. ఏ0 బైట్లలోని తయారీదారు పేరు చూసి స్విచ్ తీసుకున్న నిర్ణయం అది. కొన్ని స్విచ్‌లలో దీన్ని దాటే ఆదేశం ఉంటుంది, ఇందులో లేదు. సరఫరాదారు అదే మాడ్యూల్‌ను ఈ స్విచ్‌కు సరిపడే గుర్తింపుతో మళ్లీ రాసి పంపారు. కాంతికి సంబంధించి ఈ పేరుకు ఏ అర్థమూ లేదు. అయినా ఆర్డరు పెట్టేటప్పుడే ఏ స్విచ్‌లో పెట్టబోతున్నారో సరఫరాదారుకు చెప్పండి, ఒక వారం కలిసొస్తుంది. వచ్చిన సరుకును పెట్టెలోంచి తీయగానే గుర్తింపు బైట్లు చదివి సీరియల్ నంబరు నమోదు చేసుకోండి. రెండు మాడ్యూళ్లు ఒకే సీరియల్ చూపిస్తే, లేదా ఏ2లో హెచ్చరిక హద్దులన్నీ సున్నాలుగా ఉంటే ఆ సరుకు వెనక్కి పంపడమే మేలు. అంత అజాగ్రత్తగా రాసినవాళ్లు లేజర్‌ను మాత్రం శ్రద్ధగా పరీక్షించి ఉంటారని నేను నమ్మను.

అన్నీ మార్చాక, అదే ఎండలో, మధ్యాహ్నం మూడు గంటల కొలతలు: క్యాబినెట్ మాడ్యూల్ ఉష్ణోగ్రత 66 డిగ్రీలు, లేజర్ కరెంటు 52 మిల్లీయాంపులు, పంపుతున్నది −2.8, కేంద్రానికి అందుతున్నది −8.0. దారిలో నష్టం 5.2 డీబీ. ఎదురు దిక్కులో ఎప్పటిలాగే 5.1. సీఆర్‌సీ లెక్క సున్నా దగ్గరే ఉండిపోయింది. ఆ వేసవిలో ఈ లింకు మళ్లీ పడిపోలేదు.

గమనించే పద్ధతిలో మార్పు

ఈ సంస్థ పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్ అప్పటిదాకా చూస్తున్నది లింకు ఉందా లేదా, ట్రాఫిక్ ఎంత అన్నవి మాత్రమే. క్యాబినెట్ స్విచ్ తన లాగ్‌లో ఉష్ణోగ్రత హద్దు దాటిందని మధ్యాహ్నమల్లా రాస్తూనే ఉంది, ఆ వరుసలు ఎవరి తెర మీదకూ రాలేదు. ఇప్పుడు ప్రతి మాడ్యూల్ ఐదు అంకెలనూ ఐదు నిమిషాలకొకసారి సేకరిస్తున్నారు. హెచ్చరికలు తయారీదారు పెట్టిన హద్దుల మీద ఆధారపడకుండా మూడు రకాలుగా పెట్టాం. ఒక లింకులో రెండు దిక్కుల నష్టాల మధ్య తేడా, లింకు కొత్తగా వేసిన రోజు తేడా కంటే 2 డీబీ పెరిగితే ఒకటి. ఏ దిక్కులోనైనా నష్టం మొదటి రోజు నష్టం కంటే 2 డీబీ పెరిగితే ఇంకొకటి. దాదాపు అదే ఉష్ణోగ్రత దగ్గర లేజర్ కరెంటు మొదటి నెల కరెంటు కంటే 20 శాతం పెరిగితే మూడోది. మొదటి రెండు ఫైబర్ సంగతి చెబుతాయి, మూడోది లేజర్ వయసు. మొదటి రోజు కొలతలు రాసి ఉంచకపోతే ఈ మూడూ పనిచేయవు. అందుకే లింకు అప్పగించే పత్రంలో ఆ అంకెలకు ఒక గడి చేర్పించాం.

ప్రధాన కేంద్రం నుంచి పైకి వెళ్లే లింకును 100 గిగాబిట్లకు మార్చే పని తర్వాత వచ్చింది. అక్కడ క్యూఎస్‌ఎఫ్‌పీ28 మాడ్యూళ్లు. 100జీబేస్-ఎల్‌ఆర్4 రకంలో నాలుగు రంగుల కాంతి ఒకే ఫైబర్‌లో కలిసి వెళుతుంది, ఒక్కో రంగు మీద 25 గిగాబిట్ల చొప్పున. అక్కడ తీసివేత నాలుగుసార్లు చేయాలి. మొత్తం కాంతి ఒకే అంకెగా చూపే తెరను నమ్మితే ఒక్క రంగు కుంగిపోయినా మిగతా మూడూ కప్పిపుచ్చుతాయి. ఇంకో తేడా కూడా అక్కడ ఎదురైంది. 2 కిలోమీటర్ల సీడబ్ల్యూడీఎమ్4 మాడ్యూళ్లు ఎఫ్‌ఈసీ అనే తప్పులు దిద్దే పద్ధతి మీద ఆధారపడతాయి, ఎల్‌ఆర్4కు అది అక్కర్లేదు. రెండు చివర్ల స్విచ్‌లలో ఒకటి ఎఫ్‌ఈసీ వేసి, ఒకటి తీసి ఉంటే కాంతి నిండుగా ఉన్నా లింకు లేవదు. కాంతి అంకెలన్నీ బాగుండి కూడా లింకు లేవకపోతే నేను ముందు చూసేది ఆ ఒక్క అమరికనే.

క్యాబినెట్లలో మిగిలిన రాగి మాడ్యూళ్లను కూడా వరుసగా తీసేస్తున్నారు. ఓఎల్‌టీలో ఎస్‌ఎఫ్‌పీ ప్లస్ పోర్టు లేని రెండు చోట్ల మాత్రం వాటిని ఉంచక తప్పలేదు. అక్కడ వాటిని స్విచ్ చివరి పోర్టుకు జరిపి, పక్క పోర్టు ఖాళీగా వదిలి, ఆ పోర్టుకు మూత బిగించి ‘ఇక్కడ మాడ్యూల్ పెట్టవద్దు’ అని చీటీ అంటించారు.